‘తెచ్చా’ అన్నందుకు

ఈమధ్య ట్రెజరీ ఆఫీసుకు వెళ్ళాను. పింఛను పుచ్చుకునేవాడు ఏడాదికొకసారి తాను బతికే ఉన్నానని సర్కారుకు చూపించుకోవాలి కదా, అందుకు. వరసలో నా ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. కట్టు చూస్తేనే మా కడప వైపు మనిషని తెలిసిపోయింది. కౌంటరులోని కుర్రాడు తలెత్తకుండా అడిగాడు.

“ఫోటో తెచ్చావా?”

“తెచ్చా నాయనా.”

“ఏదీ, ఇలా ఇవ్వు.”

“తెచ్చా అంటి గదప్పా. మా పిల్లోడు రేపు తీపిచ్చానన్యాడు.”

కుర్రాడికి ఒళ్ళు మండింది. “లేని ఫోటో తెచ్చానంటావేంటి? ఈ వయసులో కూడా అబద్ధాలా?” అని కసిరాడు. తాను చేసిన తప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు. సంచీ ఒకసారి, నా మొహం ఒకసారి చూసింది. నేనే కల్పించుకుని, “బాబూ, ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె భాషలో తెచ్చా అంటే తెస్తానని అర్థం” అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, “మరి అలాగే చెప్పొచ్చుగా?” అన్నాడు.

ఇంటికొచ్చేదాకా నోరు చేదుగానే ఉంది. ‘అలాగే చెప్పొచ్చుగా’ అన్న ఆ మాట కోసం తన వయసంతా ఖర్చుపెట్టిన మనిషిని నేనొకణ్ణి ఎరుగుదును. ఆయన పోయి కూడా ఏళ్ళు గడిచాయి. పేరు రాయను. బతికుండగా ఏ సర్కారు కాగితమూ ఎక్కించుకోని పేరును ఇప్పుడు నా కాగితం మీద ఎక్కిస్తే ఆయనకు ఒరిగేదేమీ లేదు. మేమంతా ఆయన్ను అన్న అనే పిలిచేవాళ్ళం.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. మా కడప వైపు తెస్తా అనే మాట నోట్లో తిరిగి తెచ్చా అవుతుంది. ఇస్తా అనేది ఇచ్చా, వస్తా అనేది వచ్చా. నిజంగా తెచ్చేసి ఉంటే తెచ్చినా అంటాం. కోస్తా జిల్లాలవాళ్ళకు తెచ్చా అంటే తెచ్చేసినట్టే. మా రేపు వాళ్ళకు నిన్న. నలుగురూ కలిసి నవ్వుకోవలసిన సంగతి ఇది. ఒకడు బల్లకు అవతల కుర్చీలో, ఒకడు ఇవతల నిలబడి ఉన్నప్పుడు మాత్రం నవ్వు ఒకవైపు నుంచే వస్తుంది.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. రాజధాని అంటే ఏముంది, ఎండలో వరసగా గుడారాలు. ఆ గుడారాల్లోనే సర్కారు. మా జిల్లాల్లో ఇంటరు గట్టెక్కిన ప్రతివాడూ కర్నూలు బస్సెక్కాడు. రాజధానే మన గడపలోకి వచ్చింది, ఇక ఉద్యోగం రాకుండా ఎక్కడికి పోతుందని మా ధీమా. ఇంట్లోవాళ్ళు కూడా అదే ధీమాతో నాకొక రేకుపెట్టె కొనిచ్చి పంపారు.

మా వైపు పిల్లలు ఉండే గది పాతబస్తీలో, తుంగభద్రకు పోయే సందులో, ఒక సాయిబుగారి మిద్దె మీద ఉండేది. నేను మెట్లెక్కి గుమ్మంలో నిలబడేసరికి అన్న చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చాప మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నల్లటి బక్కపల్చని మనిషి, పొడుగాటి మెడ.

“సామానేదీ?” అన్నాడు.

“పెట్టె కిందుండాది అన్నా. తెచ్చా.”

ఆయన చూపుడువేలు పైకి లేచింది. “తెచ్చావా? ఏదీ, కనబడదేం?”

“కిందనే ఉండాది. తెచ్చా అంటాండా గదా.”

“లేని పెట్టె తెచ్చానంటావేం? బయటికి నడువు. మళ్ళీ లోపలికి వచ్చి, సరిగ్గా చెప్పు.”

ఈయనకేదో గాలి సోకిందనుకున్నాను. గదిలో ఉన్న ఇద్దరు పిల్లలు మాత్రం నవ్వలేదు. వాళ్ళిద్దరూ అంతకుముందే అట్లా బయటికి నడిచినవాళ్ళు. నేను మళ్ళీ లోపలికి వచ్చి, ఆయన చెప్పినట్టే, “పెట్టె కింద ఉందండీ, తెస్తానండీ” అన్నాను. మా ఊళ్ళో నన్నెవరైనా వింటే నాటకాల కంపెనీలో చేరాననుకునేవాళ్ళు. ఆయన మొహం విప్పారింది. “బాగుంది. సగం ఉద్యోగం వచ్చినట్టే” అని తానే కిందికి దిగి నా పెట్టె మోసుకొచ్చాడు.

ఆయన ఇట్లా కావడానికి ఒక కథ ఉంది. దాన్ని ఆయన దాచుకోలేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి పాఠం అదే. గుడారాలు వేసిన కొత్తలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాడు. లెక్కలడిగారు, చెప్పాడు. ఇంగ్లీషులో ఒక పేరా రాయమన్నారు, రాశాడు. బల్లకు అవతలున్న కోస్తా అధికారి తృప్తిగా తలూపి, “ఒరిజినల్ సర్టిఫికెట్ తెచ్చావా?” అన్నాడు. సర్టిఫికెట్టు ఇంకా కాలేజీలోనే ఉంది. ఈయన అదే చెప్పబోయి, “తెచ్చా సార్” అన్నాడు. “ఏదీ?” అని చెయ్యి చాపాడాయన. “రేపు తెచ్చా సార్, కాలేజీలో ఉండాది.” అధికారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్నాయనతో, “చూశారా, మొహం మీదే అబద్ధం ఆడేస్తున్నాడు. ఇలాంటివాడి చేతికి ఫైలు ఎలా ఇస్తాం?” అన్నాడట.

“చేతిదాకా వచ్చింది” అనేవాడు అన్న, అరచేయి చూపిస్తూ. “ఒక్క మాట. ఒక్క మాటకు పోయింది.”

ఆ తర్వాత అక్కడే, అదే గుడారాల్లో, కాగితాలకు నకళ్ళు రాసే పనిలో చేరాడు. టెంపరరీ. కొన్ని నెలలు పని, మధ్యలో కొన్నాళ్ళు ఇంటికి పంపడం, మళ్ళీ పిలవడం. సర్కారు ఉద్యోగానికి వయసు గడువొకటి ఉంటుంది. అది దాటేలోపు పర్మనెంటు కావాలి, లేదంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆయనకు ఆ గడువు దగ్గర పడుతోంది. అందుకే అంత పట్టుదల.

సాయంత్రం గుడారం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, నా రేకుపెట్టె మీద కూర్చునేవాడు. అప్పటికి ఆయన అధికారి. మేం ఒక్కొక్కళ్ళం గుమ్మం బయటి నుంచి దండం పెట్టుకుంటూ రావాలి. “తెచ్చావా?” అని అడుగుతాడు. ఉంటే తెచ్చానండీ, లేకపోతే తెస్తానండీ. వారం తిరిగేసరికి మాకు ఆ రెండు మాటలు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదనిపించింది. గదిలో ఉంది అనకుండా ‘ఉండాది’ అన్నవాడు కింద బావి నుంచి బిందెడు నీళ్ళు మోసుకురావాలి. నేను చేరిన కొత్తలో మా గదికి నీటి కరువే లేదు.

ఆయన మాటలు ఎలా ఉండేవంటే, చెప్పుల్లేకుండా పల్లేరుకాయల్లో నడిచేవాడిలా ప్రతి మాటా చూసి చూసి వేసేవాడు. గుడారాల్లో గుంటూరు నుంచి, బెజవాడ నుంచి వచ్చిన గుమాస్తాలు ఉండేవాళ్ళు. చెడ్డవాళ్ళేం కాదు. మా ఎండలో మాడిపోతూ, మా నీళ్ళను తిట్టుకుంటూ, ఊళ్ళో ఉన్న పెళ్ళాంబిడ్డల్ని తలుచుకుంటూ బతికేవాళ్ళు పాపం. వాళ్ళు పొద్దునే మాట్లాడుకుంటుంటే అన్న పక్కన చేరి చెవులు రిక్కించి వినేవాడు. ఏ మాట ఎట్లా పలికారో సాయంత్రం మాకు అప్పజెప్పేవాడు. కాలికి రాయి తగిలినప్పుడు మాత్రం నోట్లోంచి ఊడిపడేది అచ్చమైన కడప భాష. అప్పుడు మేం తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయనకూ తెలిసేది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. వాళ్ళ నాయన ఒక మిషను పల్లెలో ఉపదేశి, చర్చిలో ప్రార్థనలు చేయించేవాడు. ఆదివారం చర్చిలో చదివే తెలుగు చిన్నప్పటి నుంచీ ఈయనకు కంఠతా వచ్చు. బెదిరిపోయాడంటే ఇంటి భాషా రాదు, నేర్చుకున్న కోస్తా భాషా రాదు, ఆ చర్చి తెలుగు వచ్చేది. ఒకసారి సూపరింటెండెంటు గట్టిగా కేకలేస్తే, “నేను అప్పుడే వ్రాసియున్నాను, అయ్యా” అన్నాడు. ఆ పూటంతా గుడారాల్లో అదే నవ్వులాట. సాయంత్రం ఆయన మాకు పాఠం చెప్పకుండా, బట్టలు ఉతుక్కుంటూ కూర్చున్నాడు.

నవ్వించడమూ వచ్చు ఆయనకు. గుడారాల్లో గాలికి కాగితాలు ఎగిరిపోకుండా ప్రతి బల్ల మీదా నాపరాళ్ళ ముక్కలు పెట్టేవాళ్ళు. అవి మా కడప వైపు నుంచి వచ్చిన రాళ్ళే. అన్న ఒక ముక్క చేతిలోకి తీసుకుని, “రాజధానిలో మన జిల్లా వాటా చూడండి. ఫైళ్ళన్నిటి మీదా మనమే కూర్చున్నాం” అనేవాడు. ఆ మాటకు బెజవాడవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

నా ఇంటర్వ్యూ వచ్చింది. అన్న చెప్పినట్టే జరిగింది. “సర్టిఫికెట్లు తెచ్చారా?” అన్నాడు అధికారి. “తెచ్చానండీ” అని చేతికిచ్చాను. ఆయన పైపైన తిరగేసి, ఇంకేమీ అడగకుండా వెళ్ళిరమ్మన్నాడు. కొద్దిరోజులకే ఆర్డరు వచ్చింది. అన్న సంతోషం చూడాలి. ఆ సందులో కనబడ్డవాళ్ళందరికీ లడ్లు పంచిపెట్టాడు. “చూశారా, ఒక్క మాట సరిగ్గా పలికాడు, ఉద్యోగం వచ్చింది. నేను చెప్పలేదూ?” అని సాయిబుగారిని కూడా నిలబెట్టి వినిపించాడు. ఉద్యోగం నాకొచ్చిందో ఆయనకొచ్చిందో చూసేవాళ్ళకు తెలియకుండా పోయింది. నేనూ అదే నమ్మాను. ఆ మాటే నాకు అన్నం పెట్టిందనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు రాజధాని హైదరాబాదు పోతుందని తేలిపోయింది. పోయేలోపు టెంపరరీ వాళ్ళలో కొందరిని పర్మనెంటు చేస్తారన్నారు. అన్నకు అదే ఆఖరు అవకాశం. ఆ ఎండాకాలం దాటితే వయసు గడువు అయిపోతుంది. పైగా ఈసారి కుర్చీలో కూర్చునే అధికారి మా జిల్లావాడే. మా గదిలో అంతా పండగే. “మనోడు. ఇంకేం భయం లేదు” అన్నారు పిల్లలు. అన్న మాత్రం వారంరోజులు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. పలుకు జారుతుందేమోనని భయం.

ఆ రోజు నేను పని నుంచి కాసేపు అనుమతి తీసుకుని గుడారం బయట నిలబడ్డాను. గోడలకు చెవులుంటాయంటారు, అక్కడ అసలు గోడలే లేవు. గుడ్డ వెనక నుంచి ప్రతి మాటా వినబడింది.

“ఏమప్పా, కాగితాలన్నీ తెచ్చినావా?”

“తెచ్చానండీ. ఇవిగోనండీ.”

లోపల కాగితాలు తిరగేసిన చప్పుడయింది.

“యావూరు నీది?”

అన్న ఊరి పేరు చెప్పాడు.

“ఆ ఊరోనివా? ఆ ఊర్లో అండీ అనేది ఎప్పుడు మొదలుపెట్టినారప్పా? మీ నాయనతో గూడా ఇట్లే మాట్లాడ్తావా?”

లోపల ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“లేదండీ... కాదు సార్... నేను... కాగితములు తెచ్చియున్నాను.”

నవ్వు పెద్దదయింది. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. అధికారి నవ్వుతూనే అన్నాడు. “మన మాటే వద్దనుకున్నోనికి మన కొలువు మాత్రం యాలప్పా? పోయిరా, చూచ్చాంలే.”

ఆ చూచ్చాంలే అన్నదాన్ని బయట నేనూ, లోపల ఆయనా ఒక్కలాగే అర్థం చేసుకున్నాం.

బయటికి వచ్చిన మనిషి ఏడుస్తాడనుకున్నాను, లేదా ఆ అధికారి వంశాన్నంతా తిడతాడనుకున్నాను. నేనైతే అప్పటికే మనసులో తిడుతున్నాను. పరాయివాడు ఒక మాటకు పొమ్మన్నాడు, సరే. సొంత జిల్లావాడు, ఆ మాట దిద్దుకున్నందుకు పొమ్మంటాడా? అన్న మాత్రం కొండారెడ్డి బురుజు దాకా నడిచి, అక్కడ నీడలో ఆగి, చూపుడువేలు ఎత్తాడు.

“తప్పు నాదే. ఆయన తెచ్చినావా అన్నాడు, తెచ్చావా అనలేదు. నేను గమనించాల్సింది. తెచ్చినా సార్ అని ఉంటే సరిపోయేది.”

“అన్నా, అది గాదు సంగతి” అన్నాను.

“అదే. వినకుండా జవాబు చెప్పాను.”

మర్నాడు సాయంత్రం నుంచి పాఠం మారింది. ముందు అధికారి ఎట్లా అడిగాడో వినాలి. అటువైపు మనిషైతే తెచ్చానండీ. మనవైపు మనిషైతే తెచ్చినా సార్. పెట్టె మీద కూర్చుని, ఒకసారి గుంటూరు వాడిలాగా, ఒకసారి మా వాడిలాగా అడిగేవాడు. పిల్లలు తడబడేవాళ్ళు. నేను చూడలేక సిగరెట్టు నెపంతో కిందికి దిగిపోయేవాణ్ణి.

రాజధాని పోయింది. లారీల్లో బల్లలు, కుర్చీలు, బీరువాలు ఎక్కించారు. గుడారాలు విప్పేసి చుట్టేశారు. బోసిపోయిన నేల మీద నాపరాళ్ళ ముక్కలు మాత్రం ఎక్కడివక్కడ మిగిలాయి. నేను హైదరాబాదు బయల్దేరాను. అన్న కడప బస్సెక్కాడు. కర్నూలుకు మిగిలిందేమిటో కర్నూలు వాళ్ళనే అడగాలి.

హైదరాబాదులో ఒకరోజు క్యాంటీనులో టీ తాగుతూ మా సూపరింటెండెంటుతో ఆ టెంపరరీ ఉద్యోగాల మాట ఎత్తాను. ఆయన కప్పులోంచి తల ఎత్తకుండానే, “అవా? అవి ఎవరెవరికో ముందే అనుకున్నారుగా. ఇంటర్వ్యూ పెట్టకపోతే బాగుండదని పెట్టారు” అన్నాడు.

“నాకు మాత్రం ఇంటర్వ్యూలోనే వచ్చింది కదండీ” అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. “నీకు నిజంగా తెలీదా? మీ మేనమామ మీ ఎమ్మెల్యే గారింటి చుట్టూ తిరిగాడటగా. మా అందరికీ తెలుసే.”

మామను అడిగితే దాచలేదు. “పోయినా. పోకుంటే వొచ్చునా?” అన్నాడు, అదేదో విత్తనాలు తెచ్చిన సంగతైనట్టు. నాకు సిగ్గుకంటే కోపం ఎక్కువ వచ్చింది. మామ మీద కాదు. పేర్లు ముందే పంచుకుని, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి, పలుకు బాగాలేదనో, మరీ బాగుందనో నవ్వి పంపిన పెద్దమనుషుల మీద. కోస్తావాడైతేనేం, మావాడైతేనేం, ఆ కుర్చీలో కూర్చున్నాక ఇద్దరి భాషా ఒకటే. ఆ కోపం ఇన్నేళ్ళయినా నాకు తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ఈ సంగతి అన్నకు చెప్పి తీరాలనుకున్నాను. నీ నాలుకలో ఏ దోషమూ లేదని చెబితే ఆయన గుండెల మీద బరువు దిగుతుందని నా నమ్మకం. సెలవు పెట్టి కడప వెళ్ళాను. ఒక ప్రైవేటు బస్సు కంపెనీలో టికెట్లు కొట్టే పనిలో ఉన్నాడని, ఆదివారం మధ్యాహ్నం అయితే చర్చి బడి వరండాలో దొరుకుతాడని చెప్పారు.

దొరికాడు. జుట్టు పల్చబడింది. చొక్కా గుండీలు మాత్రం మెడదాకా అలాగే ఉన్నాయి. ఎదురుగా నలుగురైదుగురు పిల్లలు, ఇస్త్రీ మడతలు నలగని చొక్కాల్లో, ఏవో ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్ళు. నన్ను చూసి ఎంతో సంబరపడ్డాడు. “వీడెవరనుకున్నారు? సెక్రటేరియట్టు! నా గదిలో తయారైనవాడే!” అని వాళ్ళకు చూపించాడు. వాళ్ళు నన్ను చూసిన చూపు నేను భరించలేకపోయాను. ఆయన్ను పక్కకు, వేపచెట్టు కిందికి పిలుచుకుపోయాను.

“అన్నా, నీ మాటకూ ఆ ఉద్యోగానికీ సంబంధమే లేదంట. పేర్లు ముందే అనుకున్యారంట. నువ్వు యెట్ల మాట్లాడినా పంపిచ్చేవాళ్ళే. నాది గూడా మాటతో రాలేదు. మా మామ ఎమ్మెల్యే ఇంటికి పోయొచ్చినాడు, దాంతో వచ్చింది. నీ తప్పేమీ లేదన్నా.”

నేను ఎదురుచూసిన తేలికదనం ఆయన మొహంలో ఎక్కడా కనబడలేదు. రంగు దిగిపోయింది. వరండాలో పిల్లలు మావైపే చూస్తూ, చేతులు కట్టుకుని, పిలుపు కోసం నిలబడి ఉన్నారు. ఆయన వాళ్ళవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు వచ్చిన భాష మాత్రం ఏ పాఠంలోదీ కాదు.

“మెల్లిగ మాట్లాడప్పా, వాళ్ళకు ఇనపచ్చాది. నా మాటే తప్పనుకోని, ఈ పిల్లోళ్ళదన్నా దిద్ది పంపిచ్చాండా. ఈళ్ళకు మామల్లేరు, ఎమ్మెల్యేల్లేరు. తప్పే లేదంటివే, ఇంగ ఈళ్ళకు నేనేం నేర్పిచ్చేది?”

ఆయన నా చెయ్యి వదిలి పిల్లల దగ్గరికి నడిచాడు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు అయింది.